ముందు లైటు, తర్వాతే కెమెరా: నీటి అడుగున ఫోటోలకు ఏ సామాను కొనాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. చేతిలో ఏపీఎస్-సీ అనే మధ్యరకం సైజు సెన్సర్ (బొమ్మను పట్టే చిప్) ఉన్న మిర్రర్‌లెస్ కెమెరా, దానితో వచ్చిన 16-50 మి.మీ. కిట్ లెన్స్ ఉన్నాయి. పాతిక ముప్ఫై డైవ్‌లు పూర్తయ్యాయి. ఈ కెమెరాకే హౌసింగ్, అంటే నీరు చొరబడని పెట్టె, కొనాలా, చిన్న వాటర్‌ప్రూఫ్ కెమెరాతో మొదలుపెట్టాలా, ఎలాగూ ఖర్చు పెడుతున్నాం కదా అని పెద్ద సెన్సర్ ఉన్న ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు వెళ్లిపోవాలా? హౌసింగ్ ప్లాస్టిక్‌దా, అల్యూమినియందా? ఫ్లాష్ తర్వాత కొనుక్కుంటే సరిపోతుందా?

చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. మిగతా వాటికి జవాబు చాలావరకు అందులోనే ఉంది. ఫ్లాష్‌ను తర్వాతకు వాయిదా వేయకండి. ఫుల్‌ఫ్రేమ్ బాడీకి పెట్టాలనుకున్న డబ్బు ఉంటే అది మొత్తం లైటు మీద, లెన్స్ ముందుండే గాజు మీద పెట్టండి. మామూలు కెమెరాకు మంచి స్ట్రోబ్ (నీటి అడుగున వాడే ఫ్లాష్) తోడైతే వచ్చే ఫోటో, గొప్ప కెమెరాతో లైటు లేకుండా తీస్తే రాదు. ఇరవై ఏళ్లుగా నీళ్లలో తీస్తున్నాను, ఈ మాటకు మినహాయింపు నాకు పెద్దగా కనబడలేదు.

కారణం నీరే. నీరు ఎర్రటి వెలుగును అన్నిటికంటే ముందు మింగేస్తుంది. అయిదారు మీటర్ల లోతుకే ఎరుపు చాలావరకు పోతుంది. పది మీటర్ల దగ్గర నారింజ, ఇరవై దాటేసరికి పసుపు కూడా పాలిపోతాయి. ఇక మిగిలేది నీలం, ఆకుపచ్చ. ఇందులో చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. లోతు ఒక్కటే లెక్క కాదు. వెలుగు పైనుంచి చేపదాకా దాటివచ్చిన నీరు, చేప నుంచి మీ లెన్స్ దాకా దాటివచ్చిన నీరు, రెండూ కలిపి లెక్క. అందుకే మూడు మీటర్ల లోతులోనే ఉన్నా, నాలుగు మీటర్ల దూరం నుంచి తీస్తే ఎర్రచేప బూడిద రంగులో వస్తుంది. దీనికి తోడు నీళ్లలో ఎప్పుడూ ఏవో నలుసులు తేలుతుంటాయి. మధ్యలో నీరు పెరిగేకొద్దీ అవీ పెరుగుతాయి, ఫోటో మసకబారుతుంది.

కాబట్టి సామాను ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఒక్కటే. ఈ వస్తువు నాకూ చేపకూ మధ్య ఉన్న నీటిని తగ్గిస్తుందా? వైడ్ లెన్స్ తగ్గిస్తుంది, ఎందుకంటే దగ్గరికి వెళ్లినా పెద్ద దృశ్యం పడుతుంది. మాక్రో లెన్స్, అంటే చిన్న జీవులను బాగా దగ్గరగా తీసేది, తగ్గిస్తుంది. స్ట్రోబ్ అయితే అక్కడికక్కడే తెల్లటి వెలుగు ఇస్తుంది, ఆ వెలుగు మీటరో రెండు మీటర్లో నీరు దాటితే చాలు. టెలిఫోటో జూమ్ తగ్గించదు. మెగాపిక్సెళ్లు ఎన్ని పెరిగినా తగ్గించవు.

ఈ ఇబ్బంది మన తరంతో మొదలైంది కాదు. ఫ్రాన్స్‌లోని బాన్యుల్స్ తీరంలో 1893లో నీటి అడుగున ఫోటోలకు పూనుకున్న లూయీ బూటాన్‌కు కూడా వెలుగే పెద్ద సమస్య అయింది. 1926లో ఫ్లోరిడా దగ్గర లాంగ్లీ, మార్టిన్ అనే ఇద్దరు నీటి అడుగున తొలి రంగుల ఫోటోలు తీయడానికి నీటి మీద తేలే తెప్పపై మెగ్నీషియం పొడి పెట్టి పేల్చారు. అంత ప్రమాదం నెత్తిన పెట్టుకున్నది ఒక్క వెలుగు కోసమే. ఇవాళ ఆ పని చేతిలో పట్టేంత స్ట్రోబ్ చేస్తోంది.

నాకు ఇది పుస్తకంలో చదివితే అర్థం కాలేదు. మొదట్లో ఒక డైవ్‌లో పద్దెనిమిది మీటర్ల దగ్గర రాతి అంచు కింద నల్లగా, ముడతలు ముడతలుగా ఒక స్పాంజి కనబడింది. దాని మీద చిటికెన వేలి గోరంత రొయ్య. రొయ్య కోసమని తీశాను. స్ట్రోబ్ వెలిగిన ఆ రెప్పపాటులో ఆ నల్లటి ముద్ద మందారంలా ఎర్రగా మెరిసి, మళ్లీ నల్లబడింది. స్క్రీన్ మీద చూస్తే స్పాంజి మొత్తం ఎరుపే. కళ్లెదుట ఉన్న రంగును నా కళ్లు కూడా చూడలేకపోయాయి. అప్పటిదాకా తీసిన నీలిరంగు ఫోటోలన్నీ ఎందుకు అలా వచ్చాయో ఆ క్షణంలో తెలిసింది.

ఇక కెమెరా సంగతి. మీ కెమెరా మోడల్‌కు హౌసింగ్ ఎవరైనా చేస్తున్నారా అన్నది ముందు చూడండి. మామూలు కేస్‌లా ఒకటి అన్నిటికీ సరిపోదు. ఒక హౌసింగ్ ఒక మోడల్‌కు, మహా అయితే బటన్లు అదే చోట ఉన్న దాని తోబుట్టువుకు పనికొస్తుంది. బటన్ రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిగినా లివర్ అందదు. హౌసింగ్ దొరుకుతుంటే మీ కెమెరానే వాడండి. దాని సెన్సర్ నీళ్లలో పనికి సరిపోతుంది, మెనూలు మీకు అలవాటే. నీళ్లలో ఆ అలవాటు చాలా విలువైనది. అక్కడ వెతుక్కుంటూ కూర్చునే టైం ఉండదు, ట్యాంకులో గాలి అయిపోతుంటుంది.

చిన్న వాటర్‌ప్రూఫ్ కెమెరాలను నేను తక్కువ చేయను. ఓఎం సిస్టమ్ టీజీ-7 లాంటిది హౌసింగ్ లేకుండానే 15 మీటర్ల దాకా వెళ్తుంది, దాని హౌసింగ్‌లో పెడితే 45 మీటర్లు. అందులోని మైక్రోస్కోప్ మోడ్ లెన్స్ ముందు ఒక సెంటీమీటరు దూరంలో ఉన్నదాన్ని కూడా ఫోకస్ చేస్తుంది. చిన్న జీవుల ఫోటోలకు ఆ సైజులో అంతకంటే సులువైనది నేను వాడలేదు. రా ఫైల్, అంటే కెమెరా ఏ మార్పూ చేయని అసలు ఫైల్, ఇస్తుంది. లోపం ఏమిటంటే పూర్తి మాన్యువల్ మోడ్ లేదు, సెన్సర్ చిన్నది. నీలి నీటికి ఎదురుగా సూర్యుణ్ని పెట్టి తీస్తే వెలుగు గీతలు తెల్లగా చెదిరిపోతాయి. మీ ఆసక్తి అంతా చిన్న జీవుల మీదే అయితే, లేదా బ్యాగు బరువు పెరగడం ఇష్టం లేకపోతే అదే కొనండి, నిశ్చింతగా ఉండండి. వీడియో మాత్రమే కావాలంటే గోప్రో చాలు. కొత్త హీరో బ్లాక్ మోడళ్లు వాటంతటవే 10 మీటర్లు, డైవ్ కేస్‌లో 60 మీటర్లు తట్టుకుంటాయి.

ఫుల్‌ఫ్రేమ్ వద్దనడానికి డబ్బు ఒక్కటే కారణం కాదు. పెద్ద సెన్సర్‌తో వైడ్ ఫోటో తీస్తే మూలలు పదునుగా రావడానికి లెన్స్ రంధ్రాన్ని ఎఫ్11, ఎఫ్16 దాకా మూయాలి. అంత మూస్తే స్ట్రోబ్‌లకు రెట్టింపు బలం కావాలి. డోమ్, అంటే లెన్స్ ముందుండే గుండ్రటి కప్పు, పెద్దది కావాలి. అన్నీ కలిసి బరువు మోపెడవుతుంది. ముప్ఫై డైవ్‌ల దగ్గర మీకు కావలసింది తేలిగ్గా కదిలే సామాను.

ఇప్పుడు పోర్ట్, అంటే హౌసింగ్ ముందు భాగంలో లెన్స్‌ను కప్పే గాజు. ఈ ఒక్క చోటే ఎక్కువమంది తప్పు కొనుగోలు చేస్తారు కాబట్టి కాస్త నెమ్మదిగా చదవండి. పోర్ట్‌లు రెండు రకాలు. చదునుగా ఉండేది ఫ్లాట్ పోర్ట్, బోర్లించిన గిన్నెలా ఉండేది డోమ్. గాలిలోంచి నీటిలోకి వెళ్లేటప్పుడు వెలుగు వంగుతుంది, నీటి వక్రీభవన గుణకం 1.33. ఫ్లాట్ పోర్ట్ వెనక నుంచి చూస్తే ప్రతిదీ మూడోవంతు పెద్దదిగా కనబడుతుంది, లెన్స్ చూపు ఆ మేరకు ఇరుకవుతుంది. 28 మి.మీ. లెన్స్ దాదాపు 37 మి.మీ. లెన్స్‌లా పనిచేస్తుంది. మాక్రోకు ఇది వరం, చిన్నది పెద్దగా వస్తుంది. వైడ్‌కు మాత్రం శాపం. ఇరుకవడమే కాదు, అంచుల్లో రంగులు విడిపోయి బొమ్మ సాగినట్టు వస్తుంది.

డోమ్ ఆ చూపును కాపాడుతుంది. దానికి బదులుగా మరో చిక్కు తెస్తుంది. నీళ్లలో డోమ్ తనంతట తానే ఒక లెన్స్ అయిపోతుంది. ఎక్కడో దూరాన ఉన్న ఓడ శిథిలం కూడా కెమెరాకు డోమ్ ముందు జానెడు, రెండు జానల దూరంలో ఉన్నట్టు కనబడుతుంది. లెక్క సుమారుగా డోమ్ వ్యాసార్ధానికి మూడు రెట్లు. పది సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉంటే ముప్ఫై సెంటీమీటర్లు. అంటే మీ లెన్స్ అంత దగ్గర ఫోకస్ చేయగలగాలి. చేయలేకపోతే డోమ్ ఎంత ఖరీదైనదైనా ఒక్క ఫోటో కూడా పదునుగా రాదు. డోమ్ చిన్నదయ్యేకొద్దీ ఇంకా దగ్గర ఫోకస్ కావాలి, మూలలు ఇంకా మెత్తబడతాయి. లెన్స్ డోమ్ మధ్యబిందువు దగ్గర సరిగ్గా కూర్చోవాలి, అందుకే కంపెనీలు ఎక్స్‌టెన్షన్ రింగులు అమ్ముతాయి. ఏ లెన్స్‌కు ఏ డోమ్, ఎన్ని మిల్లీమీటర్ల రింగు అని హౌసింగ్ కంపెనీలు పోర్ట్ చార్ట్ ఇస్తాయి. ఆ చార్ట్ చూడకుండా పోర్ట్ కొనవద్దు. ఫిష్‌ఐ లెన్స్‌లు, అంటే తిన్నని గీతల్ని వంచి చూపే అతి వైడ్ లెన్స్‌లు, డోమ్ వెనక మామూలు వైడ్ లెన్స్‌ల కంటే బాగా కుదురుతాయి. నీళ్లలో తిన్నని గోడలూ తలుపులూ ఉండవు కాబట్టి ఆ వంపు కంటికి తెలియదు కూడా.

ఇదంతా చదివి టెన్షన్ పడకండి. మీ కిట్ లెన్స్‌కు దీని అవసరం లేకుండా ఒక దారి ఉంది, నేను మీకు చెప్పేది కూడా అదే. ఫ్లాట్ పోర్ట్ పెట్టండి, దాని ముందు వెట్ లెన్స్ తగిలించండి. వెట్ లెన్స్ అంటే పోర్ట్ బయట, నీళ్లలోనే బిగించి తీయగలిగే లెన్స్. వైడ్ వెట్ లెన్స్‌లలో మంచివి 28 మి.మీ. చూపును 130 డిగ్రీల దాకా పెంచుతాయి. క్లోజప్ వెట్ లెన్స్ బిగిస్తే అదే కిట్ లెన్స్ మాక్రో అయిపోతుంది. ఒకే డైవ్‌లో తాబేలునూ తీయొచ్చు, తాబేలు వెళ్లిపోయాక గోరంత న్యూడిబ్రాంక్ అనే సముద్రపు నత్తనూ తీయొచ్చు. డోమ్ పెట్టి దిగినవాడికి ఆ అవకాశం లేదు. కెమెరా మార్చినా ఇవి మీతోనే ఉంటాయి. ఒక్క జాగ్రత్త ఉంది. నీళ్లలోకి దిగగానే పోర్ట్‌కూ వెట్ లెన్స్‌కూ మధ్య గాలి బుడగలు చిక్కుకుంటాయి. లెన్స్‌ను కాస్త వదులు చేసి, వేలితో తడిపి, బుడగలు పోయాయని చూసుకుని మళ్లీ బిగించాలి. మరిచిపోతే డైవ్ మొత్తంలో ప్రతి ఫోటో మధ్యలో వెన్నెల మచ్చలా ఒక గుండ్రటి మరక వస్తుంది. ఇంకో మాట, మీ లెన్స్‌తో ఆ వెట్ లెన్స్ మూలలు నల్లబడకుండా పనిచేస్తుందా అన్నది కూడా చార్ట్‌లోనే ఉంటుంది.

డోమ్ కొనే రోజు వచ్చినప్పుడు యాక్రిలిక్‌దా గాజుదా అన్న ప్రశ్న వస్తుంది. యాక్రిలిక్ తేలిక, త్వరగా గీతలు పడుతుంది, కానీ ఆ గీతల్ని పాలిష్ చేసి పోగొట్టొచ్చు, నీళ్లలో అవి పెద్దగా కనబడవు కూడా. గాజు గీతలకు లొంగదు, లొంగితే ఆ గీత అలాగే ఉండిపోతుంది. సగం నీరు, సగం ఆకాశం పడే ఫోటోలు తీయాలంటే డోమ్ పెద్దదే కావాలి. ఎనిమిది అంగుళాల డోమ్ మీద నీటి గీత సన్నగా వస్తుంది, నాలుగు అంగుళాల దాని మీద చిన్న అల వచ్చినా సగం ఫోటో మాయమవుతుంది.

మాక్రో లెన్స్ విడిగా కొంటే మీ సెన్సర్‌కు 60 మి.మీ. దగ్గర ఆగండి. 100 మి.మీ. లెన్స్ బెదిరే జీవులకు మంచిదే, కానీ చూపు ఇరుకై మొదట్లో జీవి ఎక్కడుందో ఫ్రేమ్‌లో వెతుక్కోవడంతోనే డైవ్ అయిపోతుంది.

ప్లాస్టిక్, అల్యూమినియం మధ్య ఎంపిక మీరు ఎంత లోతుకు, ఎంత తరచుగా వెళ్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. రెండిటితోనూ మంచి ఫోటోలు వస్తాయి, లోపలున్న సెన్సర్‌కు బయటి గోడ ఏదో తెలియదు. పాలీకార్బొనేట్ హౌసింగ్ తేలిక, ధర తక్కువ. పారదర్శకంగా ఉండేది అయితే లోపల నీటి చుక్క చేరితే వెంటనే కనబడుతుంది. అదే నాకు దానిలో బాగా నచ్చేది. చౌక రకాల్లో లోతుకు వెళ్లేసరికి బటన్ల స్ప్రింగులు పీడనానికి లొంగి, నొక్కిన బటన్ పైకి రాదు. పాతిక మీటర్ల దగ్గర ఎక్స్‌పోజర్ బటన్ ఇరుక్కుంటే మళ్లీ పైకి వచ్చేదాకా చేసేదేమీ లేదు. అల్యూమినియంలో లివర్లు వేలికి అందేలా ఉంటాయి, గ్లోవ్స్ వేసుకున్నా తెలుస్తాయి, బాగా చూసుకుంటే ఏళ్ల తరబడి నిలబడుతుంది. ఇంకో తేడా గాజు మీద ఆవిరి పట్టడంలో ఉంది. అల్యూమినియం గోడ చల్లటి నీళ్లలో తొందరగా చల్లబడుతుంది, లోపలి తేమ గోడకు అంటుకుంటుంది. ప్లాస్టిక్ వేడిని తొందరగా వదలదు, కాబట్టి తేమ నేరుగా పోర్ట్ గాజు మీద చేరుతుంది. ప్లాస్టిక్ వాడితే హౌసింగ్‌ను ఏసీ గదిలో, పొడి గాలిలో మూయండి, సిలికా జెల్ పొట్లం ఒకటి లోపల పెట్టండి. బోటు మీద ఉక్కపోతలో తెరిచి మూయకండి. ఫోన్లకు వేసే ప్లాస్టిక్ సంచుల లాంటివి ఈతకొలనుకే, డైవ్‌కు కాదు.

పీడనం గురించి ఒక చిన్న లెక్క చెబుతాను, దాన్నిబట్టి హౌసింగ్‌లు ఎక్కడ కారతాయో మీకే తెలుస్తుంది. పది మీటర్లకు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో. వెనక తలుపు 15 సెంటీమీటర్ల చదరం అనుకుంటే 225 చదరపు సెంటీమీటర్లు. ఇరవై మీటర్ల దగ్గర దాని మీద 450 కిలోలు ఒత్తుతాయి. ఆ ఒత్తిడికి తలుపు ఓ-రింగ్ (అంచు చుట్టూ నీటిని ఆపే రబ్బరు వలయం) మీద గట్టిగా కూర్చుంటుంది. అదే డైవ్ తర్వాత ముంచే మంచినీళ్ల తొట్టిలో, అర మీటరు లోతులో, ఒత్తేది పదకొండు కిలోలే. అక్కడ పక్కవాళ్ల కెమెరా వచ్చి మీ లాచ్‌కు, అంటే తలుపు గొళ్లేనికి, తగిలితే చాలు. లోతులో కంటే పైన, మొదటి రెండు మూడు మీటర్లలోనూ తొట్టిలోనూ హౌసింగ్‌లు కారడానికి కారణం ఇదే. తొట్టిలో కెమెరా వదిలేసి భోజనానికి వెళ్లిపోకండి.

ఈ లెక్క వల్లే వాక్యూమ్ సిస్టమ్ మీద నాకు అంత నమ్మకం. చిన్న పంపుతో హౌసింగ్ లోపలి గాలి కొంత లాగేస్తే, దిగకముందే తలుపు గట్టిగా బిగుసుకుంటుంది. లోపలి పీడనం నిలకడగా ఉంటే పచ్చ లైటు, గాలి లోపలికి చొరబడుతుంటే హెచ్చరిక. గాలి దూరలేని చోట నీరు దూరదు. అరగంట ముందు పంపు కొట్టి వదిలేయండి. పచ్చ లైటు అలాగే ఉంటే మనసు ఫోటోల మీద పెట్టొచ్చు. హౌసింగ్‌తో రాకపోయినా విడిగా అమర్చే వీలుంటే దీన్ని తప్పకుండా కొనండి. మీరు ఇంకేదైనా మానుకోవచ్చు గానీ ఇది మానుకోకండి.

నేను ఈ సిస్టమ్ లేని రోజుల్లో ఒక కెమెరా పోగొట్టుకున్నాను. రెండు డైవ్‌ల మధ్య బోటు మీద బ్యాటరీ మార్చాను. తువ్వాలుతో చేయి తుడుచుకుని తలుపు మూశాను. ఆరు మీటర్ల దగ్గర హౌసింగ్ కిటికీలోంచి చూస్తే తలుపు కింది అంచు వెంట ముత్యాల వరుసలా చుక్కలు. పోర్ట్ కిందికి తిప్పి, నీరు బాడీ వైపు పోకుండా పట్టుకుని, తొందరపడకుండా పైకి వచ్చాను. కెమెరా కోసం వేగంగా పైకి రావడం ఎప్పుడూ చేయకండి, ఊపిరితిత్తులకు హౌసింగ్ ఉండదు. పైకి వచ్చి తెరిస్తే ఓ-రింగ్‌కు అడ్డంగా తువ్వాలు నూలుపోగు ఒకటి, అంగుళం కూడా లేదు. ఆ పోగు వెంటే నీరు పాకింది.

అప్పటినుంచి ఓ-రింగ్ పని రాత్రిపూట, మంచి లైటు కింద, బల్ల మీద కూర్చుని మాత్రమే చేస్తాను. సూది, కత్తి వాడను. రింగును రెండు వేళ్లతో ఒక పక్కకు నెట్టితే వంకీలా పైకి లేస్తుంది, అక్కడ పట్టి తీస్తాను. గాడిని దారాలు వదలని గుడ్డతో తుడుస్తాను. రింగును వేళ్ల మధ్య మెల్లగా జార్చుతూ కళ్లు మూసుకుంటాను. ఇసుక రేణువో వెంట్రుకో ఉంటే కంటికంటే వేలికే ముందు తెలుస్తుంది. తర్వాత బఠాణీ గింజలో సగమంత గ్రీజు. రింగు తడిసినట్టు మెరవాలి, తెల్లగా పూత కనబడకూడదు. నీటిని ఆపేది గ్రీజు కాదు, రింగే. గ్రీజు ఉన్నది రింగు మెలితిరగకుండా సర్దుకోవడానికి. ఎక్కువ పూస్తే ఇసుకను పిలిచి కూర్చోబెట్టినట్టే. హౌసింగ్ కంపెనీ ఇచ్చిన గ్రీజే వాడండి, ఎందుకంటే సిలికోన్ రింగుకు సిలికోన్ గ్రీజు పూస్తే అది ఉబ్బిపోతుంది. విమానంలో తీసుకెళ్లేటప్పుడు మెయిన్ రింగు తీసేయండి లేదా వాల్వ్ తెరిచి ఉంచండి, లేకపోతే దిగాక తలుపు ఊడిరాదు.

స్ట్రోబ్‌ల దగ్గరికి వస్తే, మాక్రోకు ఒకటి చాలు, వైడ్‌కు రెండు కావాలి. మొదట ఒకటి కొని, ఆరు నెలలకు అలాంటిదే ఇంకొకటి కొనండి. రెండూ ఒకే మోడల్ అయితే రంగు, బలం కలుస్తాయి. కొనేటప్పుడు బలం ఎంత, వెలుగు ఎంత వెడల్పు పరుచుకుంటుంది, మళ్లీ వెలగడానికి ఎన్ని సెకన్లు అనే మూడూ చూడండి. మీ కెమెరాకు పాపప్ ఫ్లాష్ ఉంటే, దాని వెలుగును స్ట్రోబ్‌కు మోసే ఫైబర్ ఆప్టిక్ వైరు చాలు, హౌసింగ్‌కు అదనంగా రంధ్రం అక్కర్లేదు. లేకపోతే లోపల స్ట్రోబ్‌ను వెలిగించే ఒక ఎల్‌ఈడీ ట్రిగ్గర్ పెట్టాలి. స్ట్రోబ్‌ను పట్టి ఉంచే ఆర్మ్‌లు పొట్టివి కొనకండి. స్ట్రోబ్‌ను లెన్స్ పక్కనే పెడితే మధ్యలో ఉన్న నలుసులన్నీ మంచు కురిసినట్టు తెల్లగా మెరుస్తాయి. దాన్నే బ్యాక్‌స్కాటర్ అంటారు. వైడ్ ఫోటోకు స్ట్రోబ్‌లను పక్కలకు చాచి, డోమ్ కంటే వెనక్కి జరిపి, ముఖాలు కాస్త బయటికి తిప్పండి. వెలుగు అంచు మాత్రమే చేపకు తగలాలి, మీకూ దానికీ మధ్య ఉన్న నీరు చీకట్లో ఉండాలి.

సెట్టింగులు మాన్యువల్‌లో పెట్టుకోండి. వెనక ఉన్న నీటి నీలం షట్టర్ చేతిలో ఉంటుంది, ముందున్న జీవి వెలుగు స్ట్రోబ్ చేతిలో ఉంటుంది. నీలం ముదరాలంటే షట్టర్ వేగం పెంచండి, మీ కెమెరా సింక్ స్పీడ్ (ఫ్లాష్‌తో కలిసి పనిచేసే గరిష్ఠ షట్టర్ వేగం) దాటకుండా. చాలా మిర్రర్‌లెస్‌లలో అది సెకనులో 160వ వంతు నుంచి 250వ వంతు మధ్య ఉంటుంది. రా ఫైల్‌లోనే తీయండి. ఎర్ర ఫిల్టర్ పైపై లోతుల్లో, స్ట్రోబ్ లేకుండా తీసేటప్పుడు పనికొస్తుంది. స్ట్రోబ్‌తో కలిపి వాడితే ముందున్నదంతా ఎర్రబారిపోతుంది. వీడియో లైటు చిన్న జీవులకు సరిపోతుంది గానీ ఎండలో ఉన్న పగడపు గోడకు ఎదురుగా దాని బలం చాలదు.

పాత సామాను కొనడానికి వెనకాడకండి. ఒక మోడల్ మార్కెట్లోకి వచ్చిన మూడు నాలుగేళ్లకు దాని బాడీ, హౌసింగ్ కలిపి అమ్మేవాళ్లు ఉంటారు. తీసుకునే ముందు ఓ-రింగ్ గాడిలో తెల్లటి పొక్కులు, అంటే తుప్పు, ఉన్నాయేమో గోటితో తడిమి చూడండి. ప్రతి బటన్ నొక్కి అదే తిరిగి వస్తుందో లేదో చూడండి. సర్వీసు ఎప్పుడు చేయించారో అడగండి. అంతా బాగుంటే కొత్తదానికంటే ఇదే మేలు, మిగిలిన డబ్బుతో రెండో స్ట్రోబ్ వస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం కచ్చితంగా ఉంటాను. కదలకుండా నీళ్లలో నిలబడటం వచ్చాకే కెమెరా పట్టండి. ముప్ఫై డైవ్‌ల దగ్గర కొందరికి వస్తుంది, కొందరికి రాదు. పగడాలకు అరచేయి దూరంలో ఆగి, ఫిన్స్ తాకకుండా, రెండు నిమిషాలు ఒకే ఎత్తులో ఉండగలరా? లేకపోతే ఇంకో పది డైవ్‌లు ఖాళీ చేతులతో చేయండి. ఫోటో కోసం మోకాలు ఆనించిన చోట విరిగే పగడం ఒక్కో జాతిలో ఏడాదికి సెంటీమీటరు కూడా పెరగదు. సామాను బరువు కూడా ఇందులో భాగమే. మొత్తం సెటప్ నీళ్లలో కొద్దిగా మాత్రమే మునిగేలా ఫ్లోట్ ఆర్మ్‌లతో సరిచేసుకోండి. ముందుకు తూలుతుంటే డైవ్ అయ్యేసరికి మణికట్టు లాగేస్తుంది, చేయి వణికితే ఫోటో వణుకుతుంది.

డైవ్ నుంచి రాగానే, ఉప్పు ఆరకముందే, మంచినీళ్లలో ముంచి ప్రతి బటన్‌ను, లివర్‌ను పది సార్లు నొక్కండి. ఆరిన ఉప్పు గట్టి గింజలై లోపలి చిన్న రింగులను కోస్తుంది. ఒకవేళ నీరు చేరితే కెమెరా ఆపి, బ్యాటరీ తీసేయండి. లిథియం బ్యాటరీ ఉప్పునీళ్లలో వేడెక్కుతుంది, అది మీ ముఖానికి దూరంగా ఉండాలి. లోపల పీడనం చేరి ఉండొచ్చు, లాచ్ తెరిచేటప్పుడు తలుపును మీ వైపు పెట్టుకోకండి.

కొత్త హౌసింగ్ వచ్చిన రోజు కెమెరా పెట్టకుండా ఒకసారి దించండి. లోపల గుడ్డలో చుట్టిన సీసపు దిమ్మ పెట్టండి, లేకపోతే ఖాళీ హౌసింగ్ బెండులా పైకి లాగేస్తుంది. కింది అంచు వెంట టిష్యూ కాగితం పరవండి. మీరు మామూలుగా వెళ్లే లోతు దాకా తీసుకెళ్లి, అక్కడ ప్రతి బటన్ నొక్కి, అరగంట ఉంచి పైకి తెండి. బయట పూర్తిగా తుడిచాక, తలుపు కిందికి ఉండేలా పట్టుకుని తెరవండి. టిష్యూ పొడిగా ఉంటే మర్నాటి డైవ్‌కు కెమెరా లోపల పెట్టొచ్చు.